కదిలించే మందు ఇచ్చే ముందు

జార్జ్‌టౌన్, పినాంగ్

చిరంజీవి సుమతికి మేనమామ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందిందమ్మా. క్వాంగ్‌చౌలో చైనా ఓషధుల పాఠాలు 'లీచీయావ్' వర్గం, అంటే ఒంట్లో నిలిచిపోయిన 'చీ' అనే శక్తిని కదిలించే మందుల దాకా వచ్చాయనీ, ఇరవై పేర్లకు రుచులు, మోతాదులు పట్టికగా రాసుకుని వల్లె వేస్తున్నా పరీక్షలో నారింజ జాతి మందులైన చింగ్‌పీ గుణం చెన్‌పీకీ, జిషి మోతాదు జికేకీ అంటగడుతున్నాననీ రాశావు. ముప్పై ఏళ్ళకు పైగా ఈ ఊరి చైనా మందుల కొట్లో ఆ సొరుగులే తెరుస్తూ మూస్తూ గడిపినవాణ్ణి కనుక, ఆ పట్టికను కొన్నాళ్ళు పక్కన పెట్టమని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు 'చీ' అన్న మాట సంగతి. మనం ఏవగింపుకు వాడే శబ్దం కావడంతో, మొదటిసారి విన్నప్పుడు మీ అమ్మ పగలబడి నవ్వింది. నవ్వినా ఫరవాలేదు కానీ, దాన్ని మన ఆయుర్వేదంలోని వాతంగా అనువదించుకుని చదివితే మాత్రం దారి తప్పుతావు. వాతం మూడు దోషాలలో ఒకటి. చైనా వైద్యులు చీ అని పిలిచేది తిన్నది అరగడానికి, నెత్తురు నడవడానికి, ఊపిరి లోపలికి దిగడానికి ఆధారమైన శక్తిని. అది తరిగిపోవడం ఒక జబ్బు, ఉండి కూడా కదలక నిలిచిపోవడం ఇంకొక జబ్బు. ఈ రెండింటికీ పైకి కనిపించే లక్షణం చాలాసార్లు ఒకటే, కడుపుబ్బరం. నీ వర్గంలోని మందులన్నీ రెండవ జబ్బుకు పుట్టినవి. మొదటి జబ్బున్నవాడికి వాటిని ఒంటరిగా ఇస్తే ఉన్నది కూడా ఖర్చయిపోతుంది.

'లీ' అన్న అక్షరానికి చైనా ప్రాచీన నిఘంటువు ఇచ్చిన అర్థం జేడ్ రాయిని చెక్కి తీర్చిదిద్దడమని. రాతిలో సహజమైన గీత ఎటు ఉందో చూసుకుని ఆ వెంటే ఉలి నడిపేవాడు రాయిని పగలగొట్టుకోడు. మా గురువుగారు, ఇక్కడివాళ్ళ మాటలో చెప్పాలంటే మా సిన్సే, మొదటి ఏడాదంతా నా చేత మందులు కోయించి, ఎండబెట్టించి, వాసన చూపించారే తప్ప ఒక్క మోతాదు కూడా నేర్పలేదు. ఆ తరువాత రోగిని చూపించి మూడు ప్రశ్నలు అడగమన్నారు: ఎక్కడ నిలిచింది, ఎటు పోవలసింది ఎటు పోతోంది, కదిలించడానికి లోపల ఎంత మిగిలి ఉంది?

మొదటి రెండింటికీ జవాబు నీ పాఠ్యపుస్తకంలోనే దొరుకుతుంది. వాళ్ళ లెక్కలో జీర్ణకోశపు చీ కిందికి దిగాలి. అది పైకి తన్నితే త్రేనుపు, వెక్కిళ్ళు, వాంతి. ఊపిరితిత్తులదీ కిందికే, ఎదురు తిరిగితే దగ్గు, ఆయాసం. కాలేయం చీని నలువైపులా సాఫీగా పరచాలి. కోపమో దిగులో దాన్ని బిగించినప్పుడు పక్కటెముకల కింద పట్టేయడం, ఊరికే నిట్టూర్చడం, బహిష్టుకు ముందు రొమ్ములు బిగుసుకోవడం కనిపిస్తాయి. నిలిచిపోయిన చీ వల్ల వచ్చే నొప్పి ఉబ్బినట్టుగా ఉండి, ఒకచోట నిలవక తిరుగుతుంది, త్రేనుపు వచ్చినా అపానవాయువు పోయినా కాస్త తగ్గుతుంది, మనసు కలతపడితే పెరుగుతుంది. నాడి వీణ తీగలా వేలికి బిగువుగా తగులుతుంది.

మూడవ ప్రశ్నను నేను ఒకసారి అడగకపోవడం వల్ల ఏం జరిగిందో చెబుతాను. కొట్లో సొంతంగా నాడి చూడడం మొదలుపెట్టిన తొలి రోజులలో ఒక పెద్దావిడ కడుపుబ్బరమని వచ్చింది. జిషి, చింగ్‌పీ, మూషియాంగ్ అనే మూడు కదిలించే మందులు కలిపి కషాయానికి కట్టి ఇచ్చాను. మూడు రోజులలో కడుపు తేలికపడిందని ఆమె సంతోషపడింది, ఆ సంతోషం చూసి నేను ఉబ్బిపోయి అదే మందు మూడు వారాలు సాగించాను. నాలుగో వారానికి ఆమె మెట్లెక్కితే రొప్పుతోంది, తిండి సగమైంది, సాయంత్రమయ్యేసరికి పొట్ట మునుపటికంటే ఎక్కువ బిగుస్తోంది. మా గురువుగారు ఆమెను కూర్చోబెట్టి ఒకే మాట అడిగారు: "పొట్ట మీద చెయ్యి వేసి నొక్కితే హాయిగా ఉంటుందా, చెయ్యి తగిలితేనే కష్టంగా ఉంటుందా?" నొక్కితే హాయిగా ఉంటుందని ఆమె చెప్పింది. నాలుక పాలిపోయి, అంచుల మీద పళ్ళ గుర్తులున్నాయి; నాడి వేలికి అందీ అందనట్టుంది. చెరువులో నీళ్ళు లేనప్పుడు తూము ఎత్తినవాడినయ్యాను. ఆయన నా మందు ఆపించి, రెన్‌షెన్, బాయ్‌జు, ఫూలింగ్, గాన్‌త్సావ్ అనే నాలుగు బలవర్ధకాలకు కొద్దిగా చెన్‌పీ చేర్చి ఇచ్చారు. సుంగ్ రాజుల కాలపు పిల్లల వైద్యుడు చియెన్ యీ పేరున నిలిచిన యోగం అది. అందులో నాలుగు పాళ్ళు నింపే పని చేస్తే, ఒక పాలు ఆ నింపినది కడుపులో పేరుకోకుండా చూస్తుంది.

ఈ తూకాన్ని ఇంకా బాగా చూపించే జంట ఒకటుంది, దీన్ని మాత్రం కంఠస్థం చెయ్యి. జిషి కదిలించేది, బాయ్‌జు బలమిచ్చేది. హాన్ రాజుల చివరి కాలపు వైద్యుడు జాంగ్ జుంగ్‌జింగ్ ఈ రెండింటితో కషాయం చెప్పినప్పుడు జిషిదే పైచేయి. గిన్నె బోర్లించినట్టు గట్టిగా ఉన్న పొట్టను కరిగించడం అప్పటి అవసరం. వెయ్యేళ్ళ సుమారు తరువాత జాంగ్ యువాన్‌సూ అవే రెండింటితో మాత్ర కట్టినప్పుడు బాయ్‌జు రెండు పాళ్ళు, జిషి ఒక పాలు చేశాడు. అరుగుదల శక్తి తగ్గినవాళ్ళకు నెమ్మదిగా పనిచేయడానికి. సరుకు అదే, రోగి మారేసరికి తూకం తిరగబడింది. కషాయాన్ని మాత్రగా మార్చడంలోనూ అదే ఆలోచన ఉంది, మాత్ర మెల్లగా కరుగుతుంది కదా.

ఇక నువ్వు తికమకపడుతున్న నారింజ కుటుంబం. వాటిని పేర్లుగా కాకుండా వయసులుగా చూడు. జిషి, జికే రెండూ పుల్ల నారింజ కాయలే. మే, జూన్ నెలలలో పిందెలుగా రాలినవి జిషి, జూలైలో పచ్చిగానే కాస్త ఎదిగాక కోసినవి జికే. చింగ్‌పీ కమలా జాతి పిందె, లేదా పచ్చికాయ తొక్క; చెన్‌పీ పండిన కమలా తొక్కను ఎండబెట్టి నిలవచేసినది. పిందె దూకుడుగా ఉంటుంది, పండు నిదానంగా ఉంటుంది. చింగ్‌పీ కాలేయంలోని బిగువును విరగ్గొడుతుంది, చెన్‌పీ జీర్ణకోశాన్ని సర్ది కఫాన్ని కరిగిస్తుంది. ఇది తెలిస్తే గర్భవతికి జిషి ఇవ్వడానికి ఎందుకు జంకాలో వేరే గుర్తుపెట్టుకోనక్కరలేదు. జిషిలో సినెఫ్రిన్ అనే పదార్థం ఉంది, రక్తపోటు మందులు వాడేవారి విషయంలో దాన్ని మరచిపోకు.

నువ్వున్న ఊరి నుంచి షిన్‌హుయి దగ్గరే. ఒక సెలవు రోజు వెళ్ళి చూసి రా. అక్కడ కమలా తొక్కను మూడు రేకులుగా, అడుగున అతుక్కుని ఉండేలా ఒలిచి, లోపలి వైపు బయటికి తిప్పి ఎండబెడతారు. కనీసం మూడేళ్ళు నిలవ ఉంటేనే దాన్ని చెన్‌పీ అంటారు. 'చెన్' అంటే పాతదనే. పాత అల్లం, వరిగడ్డితో కలిపి దీన్ని క్వాంగ్‌తుంగ్ రాష్ట్రపు మూడు నిధులలో ఒకటిగా చెప్పుకుంటారు. ధర చూసి బెదరకు, కొనకపోయినా వాసన చూడు: కొత్త తొక్క ముక్కును పొడుస్తుంది, ఏళ్ళు గడిచినది లోతుగా, తియ్యగా ఉంటుంది. మీ హాస్టల్ వీధిలో అమ్మే ఎర్ర చిక్కుడుగింజల పాయసంలో ఆ తొక్క ముక్క వేస్తారు, గమనించావా? మన అమ్మమ్మలు శనగపిండి వంటలో వాము, పప్పులో ఇంగువ వేసిన బుద్ధే అది.

షియాంగ్‌ఫూ నీకు కొత్తేమీ కాదు. మన పొలాలలో ఎంత పీకినా పోని తుంగ, దాని గడ్డలే తుంగముస్తలు. 16వ శతాబ్దపు మహావైద్యుడు లీ షిజెన్ దాన్ని చీ జబ్బులన్నిటికీ అధిపతి, స్త్రీల వైద్యానికి సేనాని అన్నాడు. కాలేయం వైపు దాన్ని నడిపించడానికి వెనిగర్‌తో వేయిస్తారు, నూరు కిలోల గడ్డలకు ఇరవై కిలోల వెనిగర్ లెక్క. పచ్చిదీ, వేయించినదీ రెండూ నోట్లో వేసుకుని నమిలి చూడు. 14వ శతాబ్దపు జూ దాన్‌షీ మనిషిలో నిలిచిపోయేవి చీ, నెత్తురు, తేమ, వేడి, కఫం, తిండి అని ఆరు లెక్కపెట్టి, వాటికి కట్టిన మాత్రలో అయిదు మందులే వేశాడు. కఫానికి మందేదని అడిగితే, తక్కినవి, ముఖ్యంగా చీ, కదిలితే కఫం దానంతట అదే పోతుందని వ్యాఖ్యాతల సమాధానం. పరీక్షలో ఆ ఆరవ మందు ఏదని అడిగి బోల్తా కొట్టిస్తారు, జాగ్రత్త.

మూషియాంగ్ దగ్గర ఇంకొంచెం ఆగాలి. అది మన మూలికల కొట్లలో దొరికే కోష్టు. పూర్వం హిమాలయాల నుంచి సముద్రం మీదుగా క్వాంగ్‌చౌ రేవుకు చేరేది కనుక చైనావాళ్ళు దానికి గ్వాంగ్ మూషియాంగ్ అని పేరుపెట్టారు. ఇప్పుడు అడవి కోష్టు వ్యాపారం అంతర్జాతీయ ఒప్పందం కింద నిషిద్ధం, మందుకు వాడేది యున్నాన్‌లో సాగుచేసినది. శ్రీగంధం, అగరు కూడా ఇదే వర్గంలో ఉన్నాయి. అగరును చైనా భాషలో 'మునిగే పరిమళం' అంటారు, నీటిలో మునిగే ఆ కట్టె చీని కూడా కిందికి దించుతుందని వాళ్ళ నమ్మకం. ఈ 'చెన్'కూ చెన్‌పీలోని 'చెన్'కూ ఉచ్చారణ ఒకటే, అక్షరం వేరు.

ఇలాంటి పేర్ల పోలిక పరీక్షలో మార్కులు పోగొడుతుంది, కొట్లో మూత్రపిండాలు పోగొడుతుంది. మూషియాంగ్ పక్క సొరుగులోనే ఒకప్పుడు చింగ్ మూషియాంగ్ ఉండేది. అది మన ఈశ్వరి వేరు జాతి మొక్క. ఆ జాతిలో ఉండే అరిస్టోలోకిక్ ఆమ్లం మూత్రపిండాలను పాడుచేసి, మూత్రనాళాలలో క్యాన్సర్ తెస్తుందని నిర్ధారణ అయింది. 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో సన్నబడడానికి మందు తీసుకున్న సుమారు నూరుమంది స్త్రీల మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. వాడవలసిన వేరుకు బదులు పేరు దగ్గరగా ఉన్న ఇంకొక వేరు ఆ మందులోకి చేరడమే కారణం. చైనా ప్రభుత్వం ఆ వేరుతో పాటు చింగ్ మూషియాంగ్‌ను కూడా 2004లో మందుల ప్రమాణాల నుంచి తొలగించింది. పాత పుస్తకాలలో ఆ పేరు ఇప్పటికీ కనిపిస్తుంది, పాత కొట్లలో సరుకూ కనిపించవచ్చు. కాబట్టి ఏ మందుకైనా చైనా అక్షరాలు, లాటిన్ శాస్త్రీయ నామం రెండూ రాసుకునే అలవాటు చేసుకో. పలికే పేరు ఒక్కదాన్ని నమ్మి పొట్లం కట్టకు.

తక్కిన వాటి గురించి ఎక్కువ చెప్పను. వూయావ్ పొత్తికడుపు చలికి, ఫోషౌ మన మాదీఫలపు చెల్లెలు, మెత్తనిది, ముసలివాళ్ళకు నప్పుతుంది. ఈ వర్గంలో చాలావరకు కారంగా, వెచ్చగా ఉంటే ఛ్వాన్ లియెన్‌జి మాత్రం చేదు, చల్లన. అది తురకవేపకు దగ్గర బంధువు, కాలేయానికి హాని చేయగలది, అయిదు నుంచి పది గ్రాముల హద్దు దాటించకు, ఎక్కువ రోజులు ఇవ్వకు. ఛాతీ బిగువుకు షియేబాయ్ చదువుతావు, చదువు. కానీ ఎవరైనా గుండె పట్టేసిందని, చెమటలు పట్టాయని కొట్లోకి వస్తే నాడి చూస్తూ కూర్చోకుండా ఇ.సి.జి. తీసే చోటికి పంపు. నేను అలా పంపినవారిలో ఒక్కరూ తరువాత నన్ను తిట్టలేదు.

వండే పద్ధతి వర్గం గుణం నుంచే వస్తుంది. వీటి బలం సువాసన తైలంలో ఉంది, గంటసేపు మరిగిస్తే ఆ బలం వంటింటి కిటికీలో నుంచి పోతుంది. అరగంట నానబెట్టి, ఉడుకు పట్టాక పావుగంట మించనివ్వకు. అగరు, శ్రీగంధం దించబోయే ముందు వెయ్యి. విరేచనాలు ఆపడానికైతే మూషియాంగ్‌ను కాగితం మడతల మధ్య కాల్చి వాడతారు, కదిలించడానికైతే పచ్చిదే. నోరెండిపోయేవాళ్ళకు, రాత్రి చెమటలు పట్టేవాళ్ళకు ఈ ఆరబెట్టే మందులు ఇంకా ఆరబెడతాయి. ఉబ్బరం సగం తగ్గిన రోజునే మోతాదు సగం చెయ్యి. మిగతా సగాన్ని కడుపు తానే చూసుకుంటుందో లేదో రెండు రోజులు ఓపికపట్టు. నేను ఆ పెద్దావిడ విషయంలో చేయనిది అదే.

మీ ఆసుపత్రి శిక్షణలో కడుపుబ్బరమని వచ్చిన ముగ్గురి వివరాలు నాకు రాసి పంపు, పేర్లు వద్దు. నొక్కితే హాయిగా ఉందా లేదా అన్నది మొదటి వాక్యంలోనే ఉండాలి, మందు పేరు చివర. షిన్‌హుయి వెళ్తే అత్తకు పదేళ్ళ చెన్‌పీ ఒక పొట్లం తీసుకురా, కొనేటప్పుడు వయసు గురించి అమ్మేవాడి మాట కంటే నీ ముక్కునే ఎక్కువ నమ్ము.

ఇట్లు,
మీ మావయ్య