కచేరీని ఫోన్‌లో తీసి యూట్యూబ్‌లో పెట్టొచ్చా?

త్యాగరాజ కీర్తనకు కాపీరైట్ లేదు కదా, కచేరీ వీడియో పెడితే తప్పేంటని చాలామంది అడుగుతారు. కీర్తనకు లేదు, కానీ పాడినవారికి వేరే హక్కు ఉంది. 1957 కాపీరైట్ చట్టం 38, 38ఎ సెక్షన్ల కింద ప్రదర్శనపై కళాకారులకు 50 ఏళ్లపాటు హక్కు ఉంటుంది. సొంతంగా వినడానికి రికార్డు చేసుకోవడాన్ని 39వ సెక్షన్ ఒప్పుకుంటుంది, నెట్‌లో పెట్టడాన్ని కాదు. కచేరీ పెట్టిన సభవాళ్లు వద్దంటే అసలు ఫోనే తీయకూడదు.

అందుకే మొదలవకముందే నిర్వాహకులనూ గాయకులనూ అడగండి. వయొలిన్, మృదంగం వాయించేవారూ హక్కుదారులే. వాళ్లను ఎవరూ అడగకపోవడం అన్యాయం.

ఫ్లాష్ ఆపి, తెర వెలుగు బాగా తగ్గించి, ఏరోప్లేన్ మోడ్ పెట్టండి. ఫోన్ ఛాతీ ఎత్తు దాటితే వెనకవాళ్లకు వేదిక బదులు మీ తెరే కనిపిస్తుంది. స్పీకర్ దగ్గర కూర్చుంటే తాళవాద్యాలు మాత్రమే మోగే తని ఆవర్తనంలో మృదంగం శబ్దం పగిలిపోతుంది. హాలు మధ్యలో, నడవ పక్క సీటు మేలు. ఆలాపన సాగుతుండగా లేచి చోటు మారకండి.

అనుమతి దొరికి పెడితే రాగం, తాళం, తేదీ, పక్కవాద్యాలవాళ్ల పేర్లు రాయండి. గొంతు పట్టేసిన చోటు, శ్రుతి తప్పిన చోటు మాత్రమే కత్తిరించి పెట్టడం క్రూరం. కళాకారులు తీసేయమంటే కారణం అడక్కుండా తీసేయండి.