బాణం గీసే ముందు వాక్యం రాయి

చిరంజీవికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన 32 స్లైడ్లూ చూశాను. పాఠం బాగా రాశావు. లాగిన్ వేరు, అనుమతి వేరు అని విడదీసి చెప్పిన తీరు నాకు నచ్చింది. ఆ తేడా దగ్గర నేనే చాలా ఏళ్లు తడబడ్డాను. అయితే నువ్వు అడిగింది పాఠం గురించి కాదు కదా. "డయాగ్రమ్‌లన్నీ ఏఐతో చేయించాను, ఎలా ఉన్నాయి పెద్దమ్మా?" అని అడిగావు. అందంగా ఉన్నాయి నాన్నా. కానీ పాఠంలో పెట్టడానికి పనికిరావు. నొచ్చుకోకుండా చివరిదాకా చదువు.

11వ స్లైడు తెరిచి పక్కన పెట్టుకో. మన పాస్‌వర్డ్ చేతికివ్వకుండా ఒక యాప్‌కు అనుమతి ఇచ్చే పద్ధతి ఓఆథ్ ఎలా పనిచేస్తుందో చూపే బొమ్మ అది. ఎడమ పక్క బ్రౌజర్, మధ్యలో యాప్ సర్వర్, కుడి పక్క తాళం గుర్తుతో అనుమతులిచ్చే ఆథరైజేషన్ సర్వర్. వాటి మధ్య మెలికలు తిరిగిన బాణాలు, ఒక్కో బాణం మీద గుండ్రటి అంకె. ఇప్పుడు ఆ అంకెల్ని వరుసగా గట్టిగా చదువు. 1, 2, 3, 5, 5, 6. నాలుగు లేదు, ఐదు రెండుసార్లు ఉంది. మూడో బాణం తాళం దగ్గర బయలుదేరి ఏ పెట్టెనూ చేరకుండా ఖాళీలో ఆగిపోయింది. ‘ఆథరైజేషన్’ అన్న మాటలో రెండక్షరాలు మాయమయ్యాయి. ఇవన్నీ కాస్త నిదానంగా చూస్తే నువ్వే పట్టుకునేవాడివి. నాకు గుండె జారింది ఆరో బాణం దగ్గర. దాని మీద ‘క్లయింట్ సీక్రెట్’, అంటే యాప్ సర్వర్ తనను తాను నిరూపించుకోవడానికి దాచుకునే రహస్యం, అని అక్షరం తప్పు లేకుండా రాసి ఉంది. ఆ బాణం బ్రౌజర్ దగ్గర బయలుదేరుతోంది.

ఓఆథ్ 2.0 నియమాలు 2012లో వచ్చాయి. అందులోని ఆథరైజేషన్ కోడ్ పద్ధతి సారమంతా ఒక్క జాగ్రత్తలో ఉంది. బ్రౌజర్ మీదుగా నడిచి వచ్చేది కోడ్ అనే తాత్కాలిక చీటీ మాత్రమే. ఆ కోడ్‌కు తన రహస్యాన్ని జోడించి అసలు అనుమతి అయిన టోకెన్ తెచ్చుకునేది యాప్ సర్వర్. అది కూడా నేరుగా, బ్రౌజర్ కంట పడకుండా. బ్రౌజర్ దాకా వెళ్లినదేదీ రహస్యం కాదు, బ్రౌజర్‌లోనే ఉండే డెవలపర్ టూల్స్ తెరవడం వచ్చిన వాళ్లెవరైనా చదివేయవచ్చు. రహస్యం దాచుకోలేని మొబైల్ యాప్‌ల వంటి చోట్ల ఆ కోడ్‌ను మధ్యలో ఎవరైనా కాజేస్తే ఎలా అన్న బెంగతోనే 2015లో ‘పిక్సీ’ (PKCE) అనే పద్ధతి విడిగా వచ్చింది. అంత జాగ్రత్తగా కట్టిన గోడకు నీ ఆరో బాణం కన్నం వేసింది. కింద నువ్వు రాసిన పేరాలో విషయం సరిగ్గానే ఉంది, కాదనను. కానీ నేర్చుకునేవాడు పేరా ఒకసారి చదువుతాడు, బొమ్మను ఫోనులో దాచుకుని పదిసార్లు చూస్తాడు. రేపు వాడు రహస్యాన్ని తీసుకెళ్లి జావాస్క్రిప్ట్ ఫైలులో పెడతాడు. ప్రోగ్రాం నడవకపోతే అదృష్టం. నడిస్తే ఆ తప్పు బయటపడేది చాలా ఆలస్యంగా, ఎవరో దాన్ని వాడుకున్నాకే.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఈ బొమ్మల్లోని అక్షరదోషాలు పొగ లాంటివి. చూడగానే నవ్వొస్తుంది కానీ లోపల ఏదో కాలుతోందని అవే చెబుతాయి. కొత్తగా వస్తున్న మోడళ్లు అక్షరాలు చాలావరకు సరిగ్గానే రాస్తున్నాయి. అందరూ దాన్ని మెరుగుదల అంటున్నారు, నాకు మాత్రం దిగులుగా ఉంది. పొగ తగ్గింది, నిప్పు అలాగే ఉంది.

ఇలా ఎందుకవుతుందో తెలిస్తే దాని మీద కోపం కూడా ఉండదు. బొమ్మలు గీసే మోడళ్లలో ఎక్కువ భాగం చుక్కల గందరగోళంతో మొదలుపెట్టి, నువ్వు అడిగిన మాటలకు దగ్గరగా కనిపించేదాకా దాన్ని మెల్లమెల్లగా శుభ్రం చేస్తూ పోతాయి. అవి నేర్చుకున్నది డయాగ్రమ్ ఎలా కనిపిస్తుందో. బాణం అంటే వాటికి ఒక గీత, చివర ఒక మొన, అంతే. ‘వీడు వాడికి ఇది ఇస్తున్నాడు’ అన్న సంగతి ఆ గీతలో ఉందని వాటికి పట్టింపు లేదు.

ఇది మన రంగానికే పరిమితమైన జాడ్యం కూడా కాదు. 2024 ఫిబ్రవరిలో ఒక అంతర్జాతీయ జీవశాస్త్ర పత్రికలో శుక్రకణాలను పుట్టించే మూలకణాల మీద వచ్చిన వ్యాసం గురించి వినే ఉంటావు. అందులో ఏఐ గీసిన ఎలుక బొమ్మ, దాని చుట్టూ ఏ భాషకూ చెందని మాటలు. లోకమంతా నవ్వింది, మూడు రోజుల్లో వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు. అందరూ ఎలుకను చూసి ఆగిపోయారు కానీ అదే వ్యాసంలో కణంలో సంకేతాలు నడిచే దారిని చూపే డయాగ్రమ్ కూడా ఉంది, అదీ అర్థం లేనిదే. పెట్టెలు, బాణాలు, రంగులు ఉన్న బొమ్మ కాబట్టి ఎలుకంత నవ్వు పుట్టించలేదు. మనం చేసేవన్నీ ఆ రెండో రకం బొమ్మలే. ఇంకో సంగతి, వ్యాసాన్ని పరిశీలించిన వారిలో ఒకరు బొమ్మల మీద అభ్యంతరం చెప్పారట. రచయితలు జవాబివ్వలేదు, వ్యాసం మాత్రం అచ్చయింది. కాబట్టి మీ దగ్గర ఎవరైనా ‘ఈ బాణం ఎందుకిలా ఉంది’ అని అడిగితే, జవాబు వచ్చేదాకా ఆ స్లైడు బయటికి వెళ్లకుండా ఆపగల మనిషి ఒకరుండాలి. ప్రస్తుతానికి ఆ మనిషివి నువ్వే అనుకో.

మనుషులం తప్పులు గీయలేదా అంటావేమో. నేను గీశాను. పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో ప్రోగ్రాం నిర్మాణాన్ని చూపే యూఎంఎల్ క్లాస్ డయాగ్రమ్‌లో వారసత్వ బాణాన్ని తల్లి క్లాసు నుంచి పిల్ల క్లాసు వైపు గీసి చూపించాను. ఒక్కసారి కాదు, ఒక బ్యాచ్ మొత్తానికి. చివరి వారంలో ఒక అమ్మాయి లేచి, "పుస్తకంలో త్రికోణం తల్లి వైపు ఉంది మేడం, మీరు కిందికి ఎందుకు గీశారు?" అని అడిగింది. నా దగ్గర కారణం ఉంది. గుణాలు తల్లి నుంచి పిల్లకు దిగుతాయి కాబట్టి బాణమూ దిగాలని నేను అనుకున్నాను. ఆ కారణాన్ని బోర్డు మీద పెట్టి విడదీసుకుంటూ వెళ్తే అసలు సంగతి తేలింది. బాణం చెప్పేది ఏది దిగుతుందో కాదు, ఎవరికి ఎవరు తెలుసు అన్నది. పిల్ల క్లాసుకు తల్లి తెలుసు. తల్లికి తన పిల్లలెవరో తెలియదు. ఆ గంటలో ఆ బ్యాచ్ నేర్చుకున్నంత నేను మరెప్పుడూ నేర్పలేదు. నీ ఆరో బాణం దగ్గర నేను అదే ప్రశ్న అడిగితే నువ్వేం చెబుతావు? నీ దగ్గర తప్పు కారణం కూడా లేదు. అందుకే ఆ బొమ్మను సరిదిద్దడం కుదరదు, తీసేయడమే.

ఇక ఎలా చేయాలో చెబుతాను.

బొమ్మ సంగతి మరిచిపోయి ముందు కాగితం మీద వాక్యాలు రాయి. ఒక్కో బాణానికి ఒక్కో వాక్యం. ఎవరు, ఎవరికి, ఏమిటి ఇస్తున్నారు. ‘ఆథరైజేషన్ సర్వర్ బ్రౌజర్ ద్వారా యాప్ సర్వర్‌కు కోడ్ పంపుతుంది.’ ‘యాప్ సర్వర్ ఆ కోడ్‌నూ తన రహస్యాన్నీ నేరుగా ఆథరైజేషన్ సర్వర్‌కు పంపుతుంది.’ ఇలా. వాక్యం రాయలేని చోట బాణం ఉండకూడదు. రాస్తున్నప్పుడే నీకు ఎక్కడ తెలియదో అక్కడ కలం ఆగుతుంది. ఏఐ బొమ్మ నీకు కలగనివ్వనిది సరిగ్గా ఆ ఆగడమే.

వాక్యాలు కుదిరాక వాటిని, మాటలు రాస్తే బొమ్మ గీసిపెట్టే మెర్మెయిడ్‌లోనో ప్లాంట్‌యూఎంఎల్‌లోనో రాయి. ఏది దేని మీద ఆధారపడిందో చూపే వల అయితే అలాంటిదే గ్రాఫ్‌విజ్. మెర్మెయిడ్ 2014 నుంచి ఉంది, 2022 నుంచి ప్రోగ్రాంలు దాచుకునే గిట్‌హబ్ సైటు దాన్ని నేరుగా బొమ్మగా చూపిస్తోంది, కాబట్టి కొత్తగా ఏమీ ఇన్‌స్టాల్ చేసుకోనక్కర్లేదు. సీక్వెన్స్ డయాగ్రమ్‌లో ‘ఆటోనంబర్’ అని ఒక్క మాట రాస్తే అంకెలు అదే వేసుకుంటుంది, నాలుగు ఎగిరిపోవడం ఉండదు. బాణానికి రెండు వైపులా పేర్లు రాయాలి కాబట్టి ఖాళీలో ఆగిపోవడమూ ఉండదు. తలకిందుల బాణం నుంచి మాత్రం ఏ పరికరమూ కాపాడదు. బ్రౌజర్ రహస్యం పంపుతుందని నువ్వు రాస్తే అది వినయంగా అలాగే గీస్తుంది. అయితే ఆ తప్పు ఒక వరుసలో, చదవగలిగే మాటల్లో ఉంటుంది. పక్కవాళ్లు చూసి పట్టుకుంటారు, ఆ ఒక్క వరుసే మారుతుంది, ఎవరు ఎప్పుడు మార్చారో, మార్పుల చరిత్ర దాచే గిట్‌లో మిగులుతుంది. ఏఐ బొమ్మలో మూడో బాణం సరిచేయమని అడుగు, అది సరవుతుంది, రెండోది చెడుతుంది. దానికి ఒక సాయంత్రం ధారపోసి ఉంటావని నాకు తెలుసు.

ఏఐని ముట్టుకోవద్దని అనను. నీ వాక్యాలు ఇచ్చి మెర్మెయిడ్ మాటలుగా మార్చమని అడుగు. తప్పులు అక్కడా చేస్తుంది, కానీ చదివితే దొరుకుతాయి. అట్ట మీది బొమ్మ కూడా గీయించుకో, అందులో అక్షరాలూ బాణాలూ లేకుండా చూసుకుంటే చాలు.

గీశాక నడుస్తున్న వస్తువుతో పోల్చు. ఓఆథ్ అయితే బ్రౌజర్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి ఒకసారి లాగిన్ అవు. నీ బొమ్మలో బ్రౌజర్‌ను తాకే బాణాలన్నీ అక్కడ కనబడాలి, యాప్ సర్వర్ నేరుగా పంపేది కనబడకూడదు. రెండు కంప్యూటర్లు కనెక్షన్ కలుపుకునే టీసీపీ అయితే, నెట్‌వర్క్ మీద వెళ్లేవి చూపే వైర్‌షార్క్‌లో కనెక్షన్ మొదలయ్యే మూడు ప్యాకెట్లూ చూడు. 17వ స్లైడులో బైనరీ సెర్చ్ ట్రీ ఉంది కదా, ఏ అంకెకైనా చిన్నవి ఎడమకు, పెద్దవి కుడికి వెళ్లే చెట్టు, మొదట్లో 50, దాని ఎడమ కొమ్మలో 65. ఆ అంకెలన్నీ నాలుగు వరుసల ప్రోగ్రాంలో వేసి ఉంటే అది 65ను కుడివైపుకు పంపి నీకు చెప్పేది.

20వ స్లైడులోని గిట్ బొమ్మ గురించి విడిగా చెప్పాలి. ఆ రంగుల గుండ్లు, పై నుంచి కిందికి పారే కాలం, పక్కపక్కన నిలువు గీతలు ఎక్కడో చూసినట్టు అనిపించింది. 2010లో విన్సెంట్ డ్రీసెన్ అనే ప్రోగ్రామర్ రాసిన బ్రాంచింగ్ పద్ధతి (పనిని కొమ్మలుగా విడదీసి నడిపే తీరు) తాలూకు డయాగ్రమ్ అస్థిపంజరం అది. లెక్కలేనన్ని చోట్ల తిరిగిన బొమ్మ కాబట్టి మోడల్ దాన్ని గుర్తుపెట్టుకుని విరిచి నీకిచ్చింది. నువ్వు తెలిసి తీసుకోలేదు, నిజమే. అయినా ఇంకొకరు ఆలోచించి గీసినది, పేరు లేకుండా, పైగా చెడిపోయి నీ పాఠంలో కూర్చుంది. అసలు బొమ్మ దొరుకుతున్నప్పుడు దాన్నే ఆయన పేరుతో, వాడుకునే షరతులు చూసుకుని పెట్టు. నిరంతరం విడుదలయ్యే వెబ్ యాప్‌లకు ఇంతకంటే సరళమైన పద్ధతి మేలని 2020లో ఆయనే జోడించిన మాట కూడా పిల్లలకు చెప్పు. ఇంకా, గిట్ బాణం ఎటు చూడాలన్నది ముందే తేల్చుకో. గిట్‌లో నమోదయ్యే ఒక్కో మార్పునూ కమిట్ అంటారు; కమిట్‌కు తన ముందటి కమిట్ తెలుసు, ముందటి దానికి తర్వాతది తెలియదు. నా వారసత్వ బాణం కథే మళ్లీ. కాలం నడిచే దిక్కున గీసేవాళ్లూ ఉన్నారు. ఏది ఎంచుకున్నా బొమ్మ కింద ఒక వరుసలో ‘ఇక్కడ బాణం అర్థం ఇది’ అని రాయి.

మీ పై అధికారి రెండు రోజుల్లో 14 డయాగ్రమ్‌లు కావాలన్నారని రాశావు. నేను లెక్కపెట్టాను, ఆ పాఠానికి నిజంగా కావలసినవి ఐదు. మిగతావి స్లైడు బోసిగా ఉందని పెట్టినవే. ఐదూ సరిగ్గా చేసి తీసుకెళ్లి చూపించు, వాటితోపాటు ఆరో బాణం కథ కూడా చెప్పు. ‘ఏఐ వద్దు’ అని వాదనకు దిగితే ఓడిపోతావు. ‘ఈ బాణం ప్రకారం చేస్తే మన విద్యార్థి కోడ్‌లో రహస్యం బయటపడుతుంది’ అంటే ఏ అధికారైనా వింటారు.

ఉత్తరం చివర్లో, ఎవరూ చూడరన్నట్టు, మొదటి 15 స్లైడ్లు ఇప్పటికే ఒక బ్యాచ్‌కు వెళ్లిపోయాయని రాశావు. చూశాను. చడీచప్పుడు లేకుండా ఫైలు మార్చేయకు, దించుకున్నవాళ్ల దగ్గర పాతదే ఉంటుంది. ‘11వ స్లైడులో ఆరో బాణం తప్పు, సరైన బొమ్మ ఇది, తేడా ఇందువల్ల’ అని వాళ్లందరికీ రాయి. సిగ్గుగా ఉంటుంది, ఒక్క రోజు. నా తలకిందుల బాణం బోర్డు మీద అందరి ముందే సరిచేశాను, ఎవరూ నన్ను తక్కువగా చూడలేదు. సరైనది వాళ్లకు బాగా వంటబట్టాక, వచ్చే నెలలో ఎప్పుడైనా, పాత బొమ్మ ఇచ్చి తప్పులు వెతకమను. ముందే ఇస్తే తప్పుదే గుర్తుండిపోతుంది.

11వ స్లైడు వాక్యాలు రాయగానే నాకు పంపు. బొమ్మ అక్కర్లేదు, వాక్యాలు చాలు. పిక్సీ కూడా కలిపితే ఎన్ని అవుతాయో చూడాలని ఉంది, నేను రాస్తే తొమ్మిది వచ్చాయి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ