ఢిల్లీ మ్యూజియానికి ఒక్క పూటే ఉంటే

ప్రశ్న: దసరా సెలవుల్లో పిల్లలతో ఢిల్లీ వెళ్తున్నాం. జాతీయ మ్యూజియానికి ఒక్క పూటే వీలవుతుంది. పాప ఏడో తరగతి, బాబు నాలుగో తరగతి. విసుగెత్తకుండా ఏం చూపించాలి?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ముందు ఆ పూట సోమవారం కాకుండా చూసుకోండమ్మా, జనపథ్‌లోని ఆ మ్యూజియానికి అది సెలవు రోజు. మరమ్మతులకని కొన్ని గ్యాలరీలు మూస్తుంటారు. ఏవి తెరిచి ఉన్నాయో టికెట్ దగ్గరే అడగండి.

అక్కడి సేకరణ రెండు లక్షల పైమాటే. అన్నీ చూడాలని గదిగదికీ పరుగెడితే పిల్లలు గంటన్నరలో కూలబడతారు, ఏదీ గుర్తుండదు. రెండే పెట్టుకోండి: హరప్పా గ్యాలరీ, ఇక్ష్వాకుల నాటి నాగార్జునకొండ శిల్పాలు.

మొహెంజొదారో నాట్యకత్తె కంచుబొమ్మ హరప్పా గ్యాలరీలోనే ఉంది. పుస్తకంలో ఫొటో చూసి నిలువెత్తు విగ్రహం కోసం వెతికేవాళ్లు దాని పక్కనుంచే దాటిపోతారు. ఎత్తు 10.5 సెంటీమీటర్లే! బాబుని బొమ్మ ఎత్తుకి వంగి చూడమనండి. ఎడమ చేతికి భుజం దాకా గాజులు, కుడి చేతికి నాలుగే. ఎందుకలా అన్నది మీరు చెప్పకండి, వాళ్లనే ఆలోచించనివ్వండి. దాన్ని ఎలా చేశారో మాత్రం చెప్పండి: మైనంతో బొమ్మ చేసి, పైన మట్టి మెత్తి కాలిస్తే మైనం కరిగి కారిపోతుంది. ఆ ఖాళీలో కరిగిన కంచు పోస్తారు. మట్టి పగలగొడితేనే బొమ్మ బయటికొస్తుంది గనక ఒక అచ్చుకి ఒకటే బొమ్మ. మొహెంజొదారోలోనే దొరికిన గడ్డపు ‘పూజారి రాజు’ బొమ్మ మాత్రం దేశ విభజన తర్వాత పాకిస్తాన్ వాటాకి పోయి, ఇప్పుడు కరాచీలో ఉంది.

ఇక నాగార్జునకొండ శిల్పాలు. అది పాలరాయి కాదు, మన పల్నాటి సున్నపురాయి. ఒకే పలకలో ఒకే మనిషి రెండు మూడు చోట్ల కనిపిస్తే కంగారు పడొద్దు, కథ అలాగే నడుస్తుంది. ఖాళీ ఆసనమో, పాదముద్రలో కనిపిస్తే అక్కడ బుద్ధుడు ఉన్నట్టే. ఎదురుగా కాకుండా ఓ పక్కకి జరిగి చూడండి, చెక్కడంలో లోతు అప్పుడే తెలుస్తుంది.

ఈ చూపు అలవాటు కావాలంటే ఢిల్లీకి ముందే ఓ ఆదివారం అమరావతి మ్యూజియానికి తీసుకెళ్లండి. గుంటూరు నుంచి నేరుగా బస్సులున్నాయి. శుక్రవారం మాత్రం వెళ్లొద్దు, సెలవు.

ప్రశ్న: అమరావతి స్తూపం శిల్పాలు ఎక్కువగా ఢిల్లీలోనే ఉన్నాయా?
– ఒక పాఠకుడు, గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: లేవండీ. ఎక్కువ భాగం చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలోనూ, లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఎలియట్ తవ్వించిన పలకలు మద్రాసు చేరాయి. అక్కడ ఏళ్ల తరబడి పడి ఉండి, 1859లో లండన్‌కి ఓడెక్కాయి. వాటికి ‘ఎలియట్ మార్బుల్స్’ అని పేరు పెట్టారు. సున్నపురాయిని మనవాళ్లు పాలరాయి అనుకోవడానికి ఆ పేరు కూడా ఒక కారణమే. ఎగ్మోర్ అయితే విజయవాడ నుంచి రాత్రి రైలెక్కి, పగలంతా చూసి, మళ్లీ రాత్రి రైలుకి వచ్చేయొచ్చు.