గాలపాగోస్‌లో జంతువుల్ని వెతకక్కర్లేదు

ప్రశ్న: మా అమ్మాయి మమ్మల్నిద్దర్నీ గాలపాగోస్ దీవుల క్రూజ్‌కి తీసుకెళ్తానంటోంది. మొన్న జన్నారం వెళ్లి కవ్వాల్ అడవంతా జీపులో తిరిగితే నాలుగు జింకలు కనిపించాయి, అంతే. అంత డబ్బు పెట్టి వెళ్తే అక్కడైనా ఏమైనా కనిపిస్తాయా? ఓడలో వాంతులవుతాయేమోనని ఇంకో టెన్షన్.
- ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: కనిపించవేమోనన్న బెంగే వద్దమ్మా. అక్కడ తొక్కకుండా నడవడమే కష్టం. ఫెర్నాండినా దీవిలో దిగితే నల్లటి లావా మీద సముద్రపు ఇగ్వానాలు గుంపులుగా, ఒకదాని మీద ఒకటి పడుకుని ఉంటాయి, రాయిదీ వాటిదీ దాదాపు ఒకే రంగు. చూడ్డానికి ఉడుముల్లా ఉండే ఇవి చల్లటి నీళ్లలో మునిగి నాచు తిని, పైకొచ్చి ఎండకు ఒళ్లు కాచుకుంటూ, ఒంట్లో ఎక్కువైన ఉప్పును ముక్కులోంచి తుమ్మినట్టు చిమ్ముతుంటాయి. పక్కనే ఎగరలేని నీటికాకులు పొట్టి రెక్కలు ఆరబెట్టుకుంటుంటాయి. ఇవి ఫెర్నాండినా, ఇసబెలా దీవుల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేవు.

ఈ జంతువులు మనల్ని చూసి పారిపోవెందుకంటే, ఆ దీవులు సముద్రం అడుగున అగ్నిపర్వతాలు పేలి పైకి లేచినవి, దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ దేశ తీరానికి దాదాపు 1000 కిలోమీటర్ల దూరం. పులి, నక్క లాంటివి అక్కడిదాకా చేరలేదు, భయపడే అలవాటే ఏర్పడలేదు. మన ఆదిలాబాద్ వైపు నల్లరాయి కూడా లావానే, కాకపోతే అది సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటిది. ఫెర్నాండినా అగ్నిపర్వతం 2024 మార్చిలో కూడా పేలింది.

పొద్దున టిఫిన్ కాగానే చిన్న పడవలో ఒడ్డుకు తీసుకెళ్తారు, ఒక గైడ్ వెంట 16 మందికి మించి ఉండరు. కొన్నిచోట్ల మోకాలి లోతు నీళ్లలో దిగాలి, చీర కుదరదు, ఈ విషయంలో అమ్మాయి మాటే వినండి. జంతువుకి 2 మీటర్ల దూరంలో ఉండాలి, ఫ్లాష్ కొట్టకూడదు. సీలయనే (సముద్ర సింహం) వచ్చి మీ దారికి అడ్డంగా పడుకుంటే మీరే చుట్టూ తిరిగి వెళ్లాలి! మధ్యాహ్నం ఓడలో భోజనం, సాయంత్రం మళ్లీ ఒడ్డు.

ఇక వాంతుల సంగతి. జూన్ నుంచి నవంబర్ దాకా సముద్రం కాస్త ఎగుడుదిగుడుగా ఉంటుంది, జనవరి-మే నయం. కింది అంతస్తులో, ఓడ మధ్యలో ఉన్న గది అడగండి, అక్కడ ఊపు తక్కువ. మాత్ర ఏది వేసుకోవాలో మీ డాక్టర్‌నే అడగండి, కానీ కడుపులో తిప్పడం మొదలయ్యాక కాదు, ఓడ కదలకముందే వేసుకోవాలి.

గాలపాగోస్ నేషనల్ పార్కు ప్రవేశ రుసుము విదేశీ పెద్దలకు మనిషికి 200 డాలర్లు, చాలా ప్యాకేజీల్లో ఇది కలపరు. అన్ని క్రూజులూ ఫెర్నాండినా వెళ్లవు, పడమటి దీవుల రూటులోనే అది ఉంటుంది. అడ్వాన్స్ కట్టకముందే ఈ రెండూ కనుక్కోమని అమ్మాయికి చెప్పండి.