టెక్ సందేహాలు: హీటర్ కొనేముందు గోడ సంగతి చూడండి

ప్రశ్న: బెంగళూరు కె.ఆర్. పురం దగ్గర థర్టీ ఫార్టీ (30×40 అడుగుల) సైట్‌లో ఇల్లు కట్టుకుని కార్తీకంలో గృహప్రవేశం చేశాం. పొద్దున్నే గదుల్లో ఒకటే చలి. బయటకంటే లోపలే ఎక్కువ. రెండేళ్ల పాప ఉంది. అనంతపురం నుంచి వచ్చిన నాన్నగారు మోకాళ్లు పట్టేస్తున్నాయంటున్నారు. షాపులో పదమూడు ఫిన్ల (నిలువు రేకుల) ఆయిల్ హీటర్ తీసుకోమంటున్నారు, కరెంటు తక్కువ కాలుతుందట. కొనమంటారా?

జవాబు: కొనొచ్చు, కానీ ఈ వారమే వద్దు. బెంగళూరులో డిసెంబరు, జనవరి రాత్రులు మామూలుగా 15, 16 డిగ్రీల దగ్గర ఉంటాయి. ఆ మాత్రం చలికి ఇల్లంతా వేడి చేయక్కర్లేదు. ‘బయటకంటే లోపలే చలి’ అన్నారు చూశారా, అసలు తిప్పలు అక్కడున్నాయి. ప్లాస్టరింగ్‌కి, క్యూరింగ్‌కి పోసిన నీళ్లు మీ గోడల్లో, శ్లాబులో ఇంకా ఉండి ఉంటాయి. అవి పూర్తిగా ఆరడానికి నెలలు పడుతుంది. ఆరేటప్పుడు ఆ నీరు గోడ నుంచి వేడిని లాగేసుకుంటుంది. దానికి తోడు వానాకాలం అలవాటు కొద్దీ పాప బట్టలు గదిలోనే ఆరేస్తుంటే ఇక చెప్పేదేముంది!

ఒక చిన్న పరీక్ష చేయండి. అడుగున్నర చదరం పాలిథిన్ కవరు కత్తిరించి, బాగా చల్లగా అనిపించే గోడకు నాలుగు వైపులా గాలి దూరకుండా టేపు వేసి అంటించండి. ఒక రోజు ఆగి చూడండి. కవరు లోపలి వైపు, అంటే గోడ వైపు, నీటి చుక్కలు కనిపిస్తే గోడ ఇంకా ఆరలేదు. పైన, గది వైపు, చెమర్చితే తేమ గదిలోని గాలిది. గాలిలో తేమను కొలిచే చిన్న డిజిటల్ మీటర్లు కొన్ని వందల రూపాయలకే దొరుకుతాయి. ఒకటి తెచ్చి వంటింటికి, ఎండకు దూరంగా, లోపలి గోడ మీద ఛాతీ ఎత్తులో పెట్టండి. అది రోజుల తరబడి 70 శాతం పైనే చూపిస్తుంటే బీరువా వెనక బూజు పట్టడం ఖాయం.

మందేమిటంటే, మధ్యాహ్నం ఎండ బాగా ఉన్నప్పుడు ఎదురెదురు కిటికీలు రెండు మూడు గంటలు బార్లా తెరవడం. బీరువాలు, మంచాలు గోడకు జానెడు దూరం జరపడం. హీటర్ ఒక్కటే పెట్టుకుంటే తేమ ఎక్కడికీ పోదు. 17 డిగ్రీల దగ్గర 80 శాతం తేమ ఉన్న గదిని 22 డిగ్రీలకు వేడి చేస్తే మీటరు 60 శాతం లోపు చూపిస్తుంది, నిజమే. కానీ గాలిలో నీరు అంతే ఉంది. హీటర్ కట్టేయగానే మళ్లీ మొదటికే వస్తుంది.

ఇక షాపు వాళ్ల మాట. ఆయిల్ హీటర్ అయినా, ఫ్యాన్ హీటర్ అయినా, ఎర్రగా కాలే రాడ్ హీటర్ అయినా ఒక యూనిట్ కరెంటుకు ఇచ్చే వేడి ఒక్కటే. ఆయిల్‌ది కాస్త నిదానం, చప్పుడుండదు, కట్టేశాక కూడా కొంతసేపు వెచ్చగా ఉంటుంది, అంతే తేడా. పసిపిల్లలున్న ఇంట్లో రాడ్ హీటర్ వద్దే వద్దు కాబట్టి మీకు ఆయిల్ హీటరే నయం. దాని ఫిన్లు కూడా కాలుతాయి, పాపను దగ్గరికి పోనివ్వకండి. మామూలు పడగ్గదికి తొమ్మిది ఫిన్లది చాలు. పడుకునే ముందు గంటసేపు వేసి కట్టేయండి. నాన్నగారి మోకాళ్లకు హీటర్‌కంటే కాళ్లకు సాక్సు, వేడినీళ్ల బ్యాగే హాయి.

2000 వాట్ల హీటర్ రోజుకు మూడు గంటలు ఆగకుండా నడిస్తే నెలకు 180 యూనిట్లు. ఉచిత కరెంటు పథకం గృహజ్యోతిలో ఉంటే, ఇంట్లో మిగతా వాడకంతో కలిపి 200 యూనిట్లు దాటగానే మొత్తం బిల్లు మీరే కట్టాలి, తడిసి మోపెడవుతుంది.

ఇంకొకటి. ఇది 9 ఆంపియర్ల దాకా లాగుతుంది, 16 ఆంప్స్ పాయింటు కావాలి. పడగ్గదిలో ఏసీ కోసం పెట్టించిన పాయింటు ఎక్కడో పైన ఉంటుంది. అందక చాలామంది ఎక్స్‌టెన్షన్ బాక్సు వేస్తారు, ప్లగ్గులు కరిగేది అక్కడే. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి కింద ఒక పాయింటు పెట్టించుకోండి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి మాత్రం పెట్టనే కూడదు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణాలే పోతాయి.

ప్రశ్న: మా ఏసీ రిమోట్‌లో సూర్యుడి గుర్తు ఉంది. అది నొక్కినా వేడిగాలి రావడం లేదు. రిపేరా? (మారతహళ్లి)

జవాబు: రిపేరు కాకపోవచ్చు. కంపెనీలు చాలా మోడళ్లకు ఒకే రిమోట్ ఇస్తాయి. బయటి యూనిట్ మీది స్టిక్కరు చూడండి. కూలింగ్ కెపాసిటీతో పాటు హీటింగ్ కెపాసిటీ కూడా రాసి ఉంటేనే అది వేడినిస్తుంది. లేకపోతే గ్యాస్ ప్రవాహాన్ని తిప్పే వాల్వు అందులో లేనట్టే. విడిగా పెట్టించే ప్రయత్నం దండగ. ఇంకా ఏసీ కొననివాళ్లు, ఇంట్లో పెద్దవాళ్లుంటే, హాట్ అండ్ కోల్డ్ మోడల్ చూడొచ్చు. అది బయటి గాలిలోని వేడిని లోపలికి తెస్తుంది కాబట్టి ఒక యూనిట్ కరెంటుకు దాదాపు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. మన ఊరి చలికి బాగా పనిచేస్తుంది. వేసినప్పుడు ఫ్లాప్ కిందికి తిప్పండి, లేదంటే వేడంతా సీలింగ్ దగ్గరే ఉండిపోతుంది. ఏప్రిల్, మేలకు ఎలాగూ ఏసీ కొనే ఉద్దేశం లేనివాళ్లు మాత్రం ఒక్క చలి కోసం దీని జోలికి పోకండి.

ప్రశ్న: ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో ఉన్నప్పుడే స్మార్ట్ ప్లగ్‌తో రూమ్ హీటర్, గీజర్ ఆన్ చేసుకోవచ్చా?

జవాబు: రూమ్ హీటర్ వద్దు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు దాని మీద తువ్వాలో, కర్టెనో పడితే చూసే దిక్కుండదు. గీజర్‌కు లోపలే థర్మోస్టాట్ ఉంటుంది కాబట్టి పర్వాలేదు, కాకపోతే ప్లగ్ 16 ఆంప్స్‌ది తీసుకోండి. 10 ఆంప్స్‌ది చవకని కొంటే వేడెక్కిపోతుంది. అయినా 15 లీటర్ల గీజర్ ఇరవై నిమిషాల్లో కాగిపోతుంది, ఇంటికొచ్చి స్విచ్ వేసినా టీ తాగేలోపు నీళ్లు సిద్ధం.