నెమరు ఆగినప్పుడు

కర్నూలు

నాయనా,

నువ్వు పంపిన స్క్రిప్టు రెండుసార్లు చదివాను. గండికోట లోయలో ఉల్క పడుతుంది, ఆ వేడికి కొండంత తేలు లేస్తుంది, పెన్నా వెంబడి కడప దాకా వచ్చి కలెక్టరేట్‌ను కూల్చేస్తుంది, హెలికాప్టర్లు చుట్టుముడతాయి. మొత్తం 110 పేజీల్లో తేలు 77 పేజీల్లో కనిపిస్తుంది. కూర్చుని లెక్కపెట్టాను. టీవీ కోసం తక్కువ డబ్బుతో తీసే సినిమాకి రాస్తున్నానని నువ్వే అన్నావు కాబట్టి ముందు ఆ లెక్క సంగతే మాట్లాడుకుందాం.

‘తేలు తోక విసిరేసరికి బస్సు గాల్లోకి లేచింది’ అని రాశావు. అది రాయడానికి నీకు అర నిమిషం పట్టి ఉంటుంది. గ్రాఫిక్స్ వాళ్లకి సరిగ్గా చేయాలంటే వారాలు పడుతుంది. డబ్బు లేకపోతే మూడు రోజుల్లో చుట్టేస్తారు. అప్పుడు తేలు కాళ్లు నేలకి ఆనవు, నీడ పడదు, బస్సు అట్టపెట్టెలా ఎగురుతుంది. ఇంట్లో కూర్చున్నవాడు రిమోట్ అందుకుంటాడు. తప్పు గ్రాఫిక్స్ వాళ్లది కాదు, ఆ వాక్యం రాసినవాడిది.

ఇది నాకు ఎట్లా తెలిసిందో చెప్తాను. నేను రాసిన మొదటి టెలిఫిల్మ్‌ను అనంతపురం పక్కన ఒక పల్లెలో తీశారు. మృగం కోసం స్పాంజి షీట్లు కుట్టించి, పైన రబ్బరు పూత పూయించి ఒక తొడుగు చేయించారు. షూటింగ్‌కి నాలుగు రాత్రులే ఇచ్చారు. మొదటి రాత్రే వాన. ఆ ఊళ్లో ఆ ఏడు అదే మొదటి పదును వాన, ఆగిపోతే బాగుండునని అనుకోవడానికి కూడా మాకు మనసు రాలేదు. స్పాంజి నీళ్లన్నీ పీల్చేసుకుంది. లోపలున్న పిల్లాడు నిలబడలేకపోయాడు. లేపబోతే భుజం దగ్గర కుట్లు పటపటా తెగిపోయాయి. అది ఆరాలంటే రెండు రోజులన్నారు.

వాన వెలిశాక ఏం చేయాలో తోచక పక్క చేలోకి పోయాను. అక్కడ గొర్రెల మంద వేశారు. ఎరువు కోసం రైతులు రాత్రిళ్లు చేలో మంద తోలించుకోవడం మీ జమ్మలమడుగు వైపూ ఉంటుంది కదా. కాపరి మంచం మీద కాస్త చోటిచ్చాడు. చీకట్లో మూడు వందల గొర్రెలు నెమరు వేస్తుంటే ఎప్పుడైనా విన్నావా? ఎండుటాకుల మీద సన్నటి తుంపర పడుతున్నట్టు ఒకటే చప్పుడు. వింటూ వింటూ కునుకు పట్టబోతుండగా ఆ చప్పుడు ఆగిపోయింది. మూడు వందల దవడలూ ఒక్కసారే. తలలన్నీ వంక వైపు తిరిగాయి. టార్చి వేస్తే కళ్లు మాత్రం మెరుస్తున్నాయి, ఒక్కటి కూడా కదలడం లేదు. కాపరి మెల్లగా కట్టె అందుకుని, ‘గొర్రి నెమరు ఆపిందంటే ఏందో వచ్చినట్లే సార్’ అన్నాడు.

ఏదీ రాలేదు. కుక్కో నక్కో వాసన తగిలి ఉంటుంది. కానీ నాకు ఒళ్లంతా గగుర్పొడిచింది.

మరుసటి రాత్రి డైరెక్టర్‌ను బతిమాలి అదే తీయించాను. గొర్రెలు, కాపరి ముఖం, ఆగిపోయిన చప్పుడు. రెండు నిమిషాల సీను. తర్వాత చానెల్ వాళ్లు నాతో ఒక్క మాట చెప్పకుండా చివర్లో గ్రాఫిక్స్ మృగాన్ని అతికించారు. అది చూసిన రాత్రి నాకు అన్నం సయించలేదు. ఇప్పుడు ఆ సినిమా చూసినవాళ్లని అడిగితే మృగం ఎట్లా ఉండేదో ఒక్కరూ చెప్పలేరు. గొర్రెల సంగతి మాత్రం అందరూ చెప్తారు.

టీవీకి తీసిన సినిమా అంటే చిన్నచూపు చూడొద్దు. 1971లో అమెరికాలో ఏబీసీ చానెల్ కోసం స్పీల్‌బర్గ్ ‘డ్యూయల్’ తీశాడు. షూటింగ్ రెండు వారాల లోపే. అందులో మృగం ఒక తుప్పు పట్టిన ట్యాంకర్ లారీ. నడిపేవాడి చెయ్యి కనిపిస్తుంది, బూట్లు కనిపిస్తాయి, ముఖం చివరిదాకా కనిపించదు. అంతకు కొన్నేళ్ల ముందు ఏఐపీ అనే సినిమా కంపెనీ, టీవీకి అమ్ముకోవడానికి కలర్ సినిమాలు కావాలని, తన పాత బ్లాక్ అండ్ వైట్ స్క్రిప్టులనే డల్లాస్‌లో లారీ బుకానన్ అనే డైరెక్టర్ చేత 16 ఎంఎం ఫిల్మ్ మీద మళ్లీ తీయించింది. వాటిల్లో రబ్బరు మృగం ఎదురుగా వచ్చి నిలబడుతుంది, నిలబడగానే భయం పోతుంది. అక్కడా డబ్బు కొంచెమే, ఇక్కడా కొంచెమే. ఏది దాచాలో తెలియడంలోనే తేడా అంతా.

సుడిగాలిలో సొరచేపలు ఎగిరొచ్చే ‘షార్క్‌నాడో’ పేరు ఎత్తావు నువ్వు. 2013లో సైఫై చానెల్‌లో వచ్చింది, 2018 నాటికి ఆరు భాగాలయ్యాయి. నిజమే. కానీ అది నవ్వుకోవడానికి తీసింది, చూసేవాళ్లూ నవ్వుకోవడానికే కూర్చున్నారు. నీ కథ ఆ కథ కాదు. ఎందుకంటే నీ 12వ పేజీలో, తొమ్మిది వందల అడుగులు దించినా చుక్క నీరు పడని బోరు దగ్గర ఒక రైతు ఒంటరిగా కూర్చుని, కేసింగ్ పైపుకి చెవి ఆనిస్తాడు. లోపల ఏదో గీరుతున్న చప్పుడు. ఆ పేజీ చదివి నేను లేచి వరండాలో కాసేపు తిరిగాను. మిగతా 109 పేజీలు ఆ ఒక్క పేజీకి బాకీ ఉన్నాయి.

అందుకే ఉల్కను తీసేయి. ఆకాశం నుంచి ఏదీ దిగక్కర్లేదు. మన సీమలో భయం కిందే ఉంది, అప్పు చేసి మరీ అంత లోతుకి పోతున్నది మనమే.

తేలును మాత్రం వదలొద్దు, కానీ దాని గురించి నిజంగా తెలుసుకో. తేలుకి కళ్లున్నా చూపు అంతంత మాత్రమే. నేల అదురును కాళ్లతో పసిగడుతుంది. అంటే రాత్రంతా బోరు బండి నడిచిన ఊరికి అది వస్తుంది, చప్పుడు చేయని ఇంటి జోలికి పోదు. ఈ ఒక్క నియమం పెట్టుకుంటే చాలు, ఏడుస్తున్న పసిబిడ్డను ఎత్తుకుని మట్టి మిద్దెలో అటూ ఇటూ తిరిగే తల్లి నీకు పెద్ద సీను అవుతుంది. ఇంకొకటి, అల్ట్రావయొలెట్ టార్చి వేస్తే తేలు ఒళ్లంతా నీలం కలిసిన ఆకుపచ్చగా మెరుస్తుంది. చీకట్లో గోడ మీద ఆ మెరుపు ఒక చారలా పాకితే చాలు, తేలును చూపించాల్సిన పని లేదు.

కొండంత సైజు వద్దు. ఏ జీవినైనా పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ రెట్టింపు చేస్తే బరువు ఎనిమిది రెట్లవుతుంది, మోసే కాళ్ల బలం నాలుగు రెట్లే పెరుగుతుంది. కొండంత తేలు తన బరువుకే చతికిలబడుతుంది. లేగదూడంత చాలు. తలుపు సందులోంచి లోపలికి రాగలిగినదే మనిషిని ఎక్కువ భయపెడుతుంది.

నీ కథలో ఢిల్లీ నుంచి వచ్చిన సైంటిస్టు అందరికీ అన్నీ చెప్తాడు. అది నాకు బాధ కలిగించింది. మీ జిల్లాలోనే జరిగింది గుర్తు చేస్తాను. కలివి కోడి అనే పిట్ట గురించి జెర్డన్ అనే బ్రిటిష్ పరిశోధకుడు 1848లో లోకానికి చెప్పాడు. 1900 తర్వాత కనిపించకపోయేసరికి ఆ జాతి అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో లంకమల అడవుల పక్కన మళ్లీ దొరికింది. రాత్రిపూట తిరిగే పిట్ట అది. దాన్ని పట్టింది టార్చితో వేటకి పోయే స్థానికుడే. పుస్తకాల్లో లేకుండా పోయిన పిట్టకి ఆ పల్లెల్లో పేరుంది. కాబట్టి నీ తేలు గురించి మొదట తెలిసేది సైంటిస్టుకి కాదు. బోరు బండి మీద పనిచేసే కూలీకో, రాత్రి కరెంటుకి మోటారు వేయడానికి చేలోకి పోయే ఆడమనిషికో తెలియాలి. సైంటిస్టును ఉంచు, కానీ వచ్చి వాళ్లని అడగనీ.

యాడ్స్ సంగతి ఎక్కువ చెప్పను. బ్రేక్ వచ్చే ప్రతిచోటా ఎవరో ఒకరు తలుపు మీద చెయ్యి వేసి ఉండాలి. తెరవాలా వద్దా అన్నది బ్రేక్ తర్వాత.

వచ్చే శనివారం మీ ఊరి పక్కన ఎక్కడ మంద వేశారో కనుక్కో. కాపరికి టీపొడి, చక్కెర పట్టుకుపో, ఉత్త చేతుల్తో పోవద్దు. ఫోన్ ఆపేసి ఆ రాత్రి అక్కడే పడుకో. నెమరు ఎప్పుడు ఆగిందో, అప్పుడు కాపరి ముందు ఎటు చూశాడో, చెయ్యి దేని మీదికి పోయిందో తెల్లారగానే రాసుకో. తర్వాత 12వ పేజీని మొదటి పేజీ చేసి మళ్లీ మొదలుపెట్టు. పది పేజీలు అయ్యాక నాకు పంపు, తేలు ఎన్ని పేజీల్లో ఉందో మళ్లీ లెక్కపెడతాను.

ఆశీస్సులతో.