రొట్టె మానొద్దు, గోధుమలు మాను

స్వాతీ,

నీకూ సీలియాక్ అని, అంటే గోధుమల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ పడక పేగు దెబ్బతినే జబ్బని, తేలిందని మీ అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. చపాతీ లేకుండా పిల్ల ఎలా బతుకుతుందని ఆమె టెన్షన్. నేను పన్నెండేళ్లుగా బతకడం లేదా?

పుల్కా, పరోటా, నాన్, రుమాలీ రోటీ అన్నీ గోధుమో మైదానో కాబట్టి వాటిని మర్చిపో. మల్టీగ్రెయిన్ పిండిలోనూ ఎక్కువగా ఉండేది గోధుమే. మనకు జొన్న, సజ్జ, రాగి రొట్టెలున్నాయి, సర్వపిండి ఉంది. వీటిలో గ్లూటెన్ లేదు. గోధుమ వీటిలోకి దొంగచాటుగా వస్తుంది, జాగ్రత్త అక్కడే.

మొదటి దొంగ గిర్ని. నీ ముందు ఎవరో గోధుమలు పట్టించుకుని పోతారు, రాళ్ల మధ్య మిగిలిన పిండి నీ డబ్బాలో పడుతుంది. నేను జొన్నలు కడిగి, ఎండబెట్టి, ఇంట్లో మిక్సీలోనే పట్టి విడి జల్లెడతో జల్లిస్తాను. హాస్టల్లో నీకు అది కుదరదు. గ్లూటెన్ ఫ్రీ అని ముద్రించిన ప్యాకెట్ కొనుక్కో. ఆ మాట వేసుకోవాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు.

పిండిలో మరిగే నీళ్లు పోసి, చెయ్యి పట్టేంత చల్లారాక బాగా మర్దించి తట్టాలి. పిండి పాతదైతే అంచులు పగులుతాయి. పగలకూడదని గుప్పెడు గోధుమపిండి కలిపేవాళ్లున్నారు. నా కొంప ముంచింది అదే. ఒక పెళ్లిలో సజ్జరొట్టె కదా అని రెండు తిని మూడు రోజులు మంచం దిగలేదు. పాపం, వంటామె రొట్టె మెత్తగా రావాలనే కలిపిందట!

అందుకే రోడ్డు పక్కన జొన్నరొట్టెల దగ్గర పొడిపిండి ఏది చల్లుతున్నారు, అదే పెనం మీద చపాతీలు కాలుస్తున్నారా అని కూడా అడుగు. విసుక్కుంటే లేచి వచ్చెయ్. పక్కన వేసే పప్పులో ఇంగువ ఉందేమో చూసుకో. డబ్బా ఇంగువలో చాలావాటికి గోధుమపిండో మైదానో కలుపుతారు. కడుపు బాగాలేదంటే మీ అమ్మ బార్లీ నీళ్లు ఇస్తుంది చూడు, అవీ వద్దు. బార్లీలోనూ గ్లూటెన్ ఉంది.

"కొంచెం తింటే ఏం కాదులే" అనే చుట్టాలు ప్రతి ఫంక్షన్‌లో దొరుకుతారు. నొప్పి తెలియకపోయినా లోపల పేగు దెబ్బతింటుంది.

ఈ జబ్బు కుటుంబాల్లో వస్తుంది, తమ్ముడికీ రక్తపరీక్ష చేయించమను. అది అయ్యేదాకా వాడికి గోధుమలు మాన్పించొద్దు. ముందే మానేస్తే పరీక్షలో జబ్బు బయటపడకపోవచ్చు.

సంక్రాంతికి వస్తే నువ్వులద్దిన సజ్జరొట్టెలు చేస్తాను. నా పెనం పిడికి ఎర్రగుడ్డ కట్టి ఉంటుంది. దానిమీద పుల్కా కాల్చే ధైర్యం మీ మామయ్యకు కూడా లేదు.

మీ అత్త